కాపరి మాట మీద మూడు పుటలు

కాపరి అనే మాటకు అర్థం ఏమిటో, అది ఎక్కడ పుట్టిందో వివరిస్తూ నేనొకప్పుడు మూడు పుటలు రాశాను. అవి రాస్తున్న రోజుల్లోనే నా భార్య జబ్బుపడింది. ఆమెను వానలకు ముందే కొండ దించి పుట్టింటికి చేర్చవలసింది. చేర్చలేదు. ఆ పుటలకూ ఆ పని చేయకపోవడానికీ సంబంధం ఉంది. ఇన్నేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు జ్వరమని చెప్పాను. అది అబద్ధం కాదు, కాని జరిగినదాంట్లో అది చిన్న భాగం.

అప్పటికి మన్యంలో పితూరీ అణిగి రెండేళ్ళయింది. అరకు లోయకు పైన ఒక వాలు మీద, ముప్పై గడపల ఊళ్ళో నేను మిషన్ బడి నడిపేవాణ్ణి. ఆదివారం ప్రార్థన కూడా నేనే జరిపేవాణ్ణి. మా మిషన్ పెద్దను అందరూ దొరగారనేవాళ్ళు. ఆయన కింద సాలూరు వైపు ఉండేవారు. ఏడాదికోసారి గుర్రం మీద వచ్చి, సిద్ధంగా ఉన్నవాళ్ళకు బాప్తిస్మం ఇచ్చి వెళ్ళేవారు. ఊళ్ళో తొమ్మిది కుటుంబాలు మాలో కలిశాయి. మిగిలినవాళ్ళు తమ కొండదేవతను కొలుచుకునేవాళ్ళు. మాకూ వాళ్ళకూ తగువు లేదు. కాని నాకు ముందు వచ్చిన ఇద్దరు మేష్టర్లు మొదటి వానాకాలం దాటకుండానే, చలిజ్వరానికి భయపడి చెప్పకుండా దిగిపోయారు. నేను వెళ్ళిన కొత్తలో ఒక ముసలామె నా మొహం పరీక్షగా చూసి, “నువ్వు ఎన్ని వోనలుంటావు మేస్టరూ?” అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది.

మా నాన్న కూడా మిషన్ బడిలోనే పంతులు. మా ఇంట్లో పుస్తకాలు తప్ప మరేమీ లేవు. గొర్రెను దగ్గరగా చూసింది సంతలోనే. నా భార్య అలా కాదు. వాళ్ళది సాలూరు దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం. వాళ్ళ నాన్న ఆ ఊళ్ళో మొదట క్రీస్తును నమ్మిన ముగ్గురిలో ఒకడు. నమ్మినా గొర్రెల్ని వదల్లేదు, వదలాలని ఎవరూ అడగలేదు. మా పెళ్ళి దొరగారే కుదిర్చారు. ఆమె కాపురానికి కొండెక్కేటప్పుడు వాళ్ళ నాన్న ఒక నల్ల గొంగళి ఇచ్చాడు. తన మందలో ఉన్ని ఉన్న కాసిని గొర్రెల బొచ్చు కత్తిరించి, తనే వడికి, నేతగాడి చేత నేయించాడు. అంచు మాత్రం ఆయనే ఎర్రదారంతో కుట్టాడు. కుట్టు వంకరగా ఉండేది. ఆమె దాన్ని చూపించి, “మా నాన్న దస్తూరీ ఇది. ఆయనకి వొచ్చిన రాత ఇదొక్కటే” అనేది.

దొరగారు ఆ సంవత్సరం మాఘమాసంలో ఉత్తరం రాశారు. వేసవి చివర మా పంతుళ్ళందరి సభ జరుగుతుంది, దానిలో ఒక్కొక్కరు ఒక్కొక్క మాట మీద చదవాలి, మీకు కాపరి అనే మాట ఇచ్చాను అని. నాకు చాలా సంతోషమైంది. నిఘంటువు చూడటం నాకిష్టం. ఆ కొండ మీద నాకు ఆ పని చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు.

మొదట నా భార్యనే అడిగాను. ఆమె తిరగలి దగ్గర చోళ్ళు, అంటే రాగులు, విసురుతోంది.

“కాపరి అంటే ఏటో నన్నడుగుతన్నావా? నీ పుస్తకాల్లో నేదేటి?”

“ఉంది. కాచేవాడు అని ఉంది.”

“మరింకేటి? అయిపోయింది. ఒక్క మాటకి మూడు కాయితాలెందుకు?”

“దేన్ని కాయాలి, ఎలా కాయాలి, అదంతా రాయాలి.”

“అయితే మా నాన్ననడుగు. కాయితం మేసే గొర్రెలు ఆయన కాడ నేవు గానీ.” తిరగలి ఆపకుండానే నవ్వింది. ఆమె నవ్వు ముందు పెదవుల్లో కాదు, భుజాల్లో కనిపించేది.

నేను రాసింది ఇది. కాచు అనే క్రియ నుంచి కాపు వచ్చింది, కాపు నుంచి కాపరి, కావలి కూడా ఆ కుటుంబంలోదే. కాపురం అనే మాటను కూడా పెద్దలు అక్కడికే చేరుస్తారు. అంటే ఒకచోట ఉండటం, ఒకదాన్ని విడవకుండా కనిపెట్టుకోవడం, ఈ రెండూ మనవాళ్ళకు ఒకటిగా తోచాయి. ఇంగ్లీషువాళ్ళ షెపర్డ్ అనే మాటలో గొర్రె అనే మాట, మందను చూసుకునేవాడు అనే మాట కలిసిపోయి ఉన్నాయి. వాళ్ళే తమ గురువును పిలిచే మరో మాట, పాస్టర్, లాటిన్ నుంచి వచ్చింది, దానికి మేపేవాడని అర్థమని దొరగారు ఒకసారి చెప్పారు. మన సంస్కృతంలో గోవును పాలించేవాడు గోపాలుడు. అది రక్షణ వైపే ఉంది. ఒకరు మేత చూశారు, ఒకరు రక్షణ చూశారు. తెలుగువాళ్ళు ఉండటం చూశారు. ఇక్కడిదాకా వచ్చి నేనొక వాక్యం రాశాను: కాపరి అంటే విడిచి వెళ్ళనివాడు.

ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. కింద గీత గీసుకున్నాను.

ఆ సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను. మేపేవాడు అన్నచోట ఆపింది.

“మా నాన్న మేపడు. గొర్రె తనే మేస్తాది. నోట్లో పెడతారేటి?”

“మరి ఆయన చేసేదేమిటి?”

“నేల సూస్తాడు.”

“నేల చూడటం ఏమిటి?”

“ఈయేల ఇక్కడ. రేపెక్కడ? ఎల్లుండెక్కడ? తడి ఎక్కడ నిలుస్తాది? వోనొస్తే ఎటు తోలుకుపోవాల? గొర్రెల్ని సూసింది తక్కువ, నేలని సూసింది ఎక్కువ. మంద ఒక్క నేల మీదే ఉంటే గిట్టలు కుళ్ళిపోవా?”

బాగుందన్నాను. కాని రాసుకోలేదు. ఆ మాట ధాతువులో ఎక్కడా లేదు.

ఊరి పశువుల్ని కాసే ముసలాయన ఒకడుండేవాడు. ముప్పై ఇళ్ళ ఆవులూ మేకలూ ఆయన వెనకే అడవికి వెళ్ళి ఆయన వెనకే వచ్చేవి. మీ భాషలో కాపరిని ఏమంటారు తాతా అని అడిగితే, వాళ్ళ భాషలో ఒక మాట చెప్పి, దానికి పశువుల వెనక పోయేవాడని అర్థం అన్నాడు. ముందు కాదా అన్నాను. “ముందు పులుంటాది. ముందు పోతే ఎనకది తప్పిపోతాది. ఎనకే పోవాల” అన్నాడు. అది రాసుకున్నాను. కొత్తగా ఉంది కనుక సభలో బాగుంటుందనుకున్నాను.

ఫాల్గుణంలో ఒక ఆవును పులి పట్టింది. ఆ మధ్యాహ్నం ముసలాయన మందను ఊళ్ళో వదిలి, ఒక్కడే తిరిగి అడవిలోకి వెళ్ళాడు. పులి తింటున్న చోటికి వెళ్ళడమేమిటని నా భార్య భయపడింది. పొద్దు వాలే వేళకు వచ్చాడు. ఒక టేకాకులో ఏదో చుట్టి తెచ్చాడు. ఆవుగలవాళ్ళ గడపలో కూర్చుని ఆకు విప్పాడు. ఎర్రావు చెవి, చివర తెల్ల మచ్చతో. ఆ ఇంటాయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మాదే అన్నాడు. అంతే. తర్వాత ముసలాయనకు అంబలి ఇచ్చారు. 

ఆ ఊళ్ళో అది కట్టుబాటు. పోయినదానిలోంచి ఏదో ఒక ముక్క తేవాలి. చెవి, కొమ్ము, మెడలో కట్టిన కొయ్యగంట, ఏదైనా సరే. తెస్తే కాపరిని ఎవరూ ఏమీ అనరు. తేకపోతే, అమ్ముకున్నాడో, నిద్రపోయాడో, పారిపోయాడో అంటారు. 

“అంత దూరం, పులి కాడికి ఎలగెల్లావు తాతా?” అని నా భార్య అడిగింది.

“ఒట్టి సేతుల్తో వొస్తే నమ్మరమ్మా.”

“పులి తినేస్తే నీ సెవి ఎవరు తెస్తారు?”

ముసలాయన ఒక్క క్షణం ఆలోచించాడు. “నీ మొగుడు తెస్తాడు. రాతోడు గదా, కాయితంలో సుట్టి తెస్తాడు” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇంటికి వచ్చాక కూడా ఆమె అది తలుచుకుని నవ్వింది.

ఆమెకు మొదటిసారి జ్వరం వచ్చింది ఆ నెలాఖరులోనే. చలి, వణుకు, చెమట, ఆ తర్వాత రెండు రోజులు ఏమీ లేదు. క్వినైన్ ఇచ్చాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది. కొండమీద ఉన్నవాళ్ళకు అది ఎలా ఉంటుందో తెలుసు. నాకూ వచ్చేది. నాకు వచ్చి పోయేది, ఆమెకు వచ్చిన ప్రతిసారీ కొంత తీసుకుపోయేది. చైత్రమాసానికి ఆమె చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. వాటికి దారం చుట్టింది.

ఇటుకల పండగ రోజుల్లో వాళ్ళ నాన్న వచ్చాడు. వేసవిలో పల్లపు నేల ఎండిపోతే ఆయన మందను కొండ మొదటికి తెచ్చేవాడు. అక్కడ తమ్ముణ్ణి ఉంచి, రెండు రోజులు నడిచి మా ఊరికి వచ్చాడు. పండగ కట్టుబాటు ప్రకారం ఊళ్ళో మగవాళ్ళంతా వేటకు పోయారు. డప్పులు వినిపిస్తున్నాయి. ఆయన వాకిట్లో కూర్చుని కూతుర్ని చాలాసేపు చూశాడు. లేచి మా ఇంటి చుట్టూ తిరిగాడు. వెనక గోడ కింద మట్టి తీసి నలిపి చూశాడు. వాగును అక్కడ గెడ్డ అంటారు, అది ఎటునుంచి వస్తుందో చూశాడు. తిరిగి వచ్చి నాతో అన్నాడు.

“బాబూ, మా గుంటని కొండ దించీ.”

“దించుతాను మావయ్యా. ఈ బాప్తిస్మాలు అయిపోనీ.”

“ఎప్పుడవుతాయి?”

“దొరగారు వైశాఖంలో వస్తారు. రెండు కొత్త కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి. అది కాగానే నేనే తీసుకొస్తాను.”

“నాతో పంపీ. మంద కాడ నాలుగు రోజులుంటాది, ఆ తరవాత మీ అత్త కాడికి పంపీస్తాను.”

ఆ మాటకు నా భార్య నా వైపు చూసింది. నేను అన్నది ఇది: “ఇప్పుడు ఆమె వెళ్ళిపోతే, రేపు మేష్టరు పోతాడంటారు. ఇదివరకటివాళ్ళు ముందు ఆడవాళ్ళను పంపించి తర్వాత తాము పోయారు. కాపరి మందను విడిచిపోడు కదా మావయ్యా.”

ఆయనకు కోపం రాలేదు. అర్థం కానట్టు నా మొహం చూశాడు.

“మందని ఇడిసి పోమని ఎవరన్నారు? మందనట్టుకుని పోవాల. వోన రాకముందే నేల మార్సాల. కాపరంటే మరేటి బాబూ? నేను మొన్న ఈ కొండ మొదటికి తెచ్చాను. తొలకరి మబ్బు కనబడేలోపు దించీస్తాను. ఒక్కరోజు ఆలీసమైతే ఈ తడిలో సగం మంద నిలబడదు. గెడ్డ పొంగితే ఇంక దించేది నేదు.”

“ఇది గొర్రెల సంగతి కాదు.”

“నాకు గొర్రెల సంగతే తెలుసు” అన్నాడు.

మర్నాడు ఉదయం ఆయన ఒక్కడే దిగిపోయాడు. ఆమె ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చింది. వచ్చి, గొంగళి కప్పుకుని పడుకుంది. ఎండగానే ఉంది.

నేనిక్కడ ఆమె పక్షాన అబద్ధం చెప్పకూడదు. ఆమె ఉంటానని అనలేదు. వెళ్తానని ఏడవలేదు. వెళ్దామని అడిగింది, నేను తర్వాత అన్నాను, సరేనంది. అంతకన్నా గొప్ప త్యాగమేమీ అక్కడ జరగలేదు. దాన్ని త్యాగంగా చెప్పినవాళ్ళు తర్వాత చాలామంది ఉన్నారు. ఆమె వెళ్ళాలనుకుంది.

దొరగారి దగ్గర నుంచి వైశాఖంలో ఉత్తరం వచ్చింది. గుర్రం కాలు బెణికింది, వచ్చే ఆదివారం వస్తానని. ఆమె అప్పటికే రెండు చీరలూ ఒక గిన్నే మూట కట్టుకుంది. మూట విప్పింది. ఆ తర్వాతి ఆదివారానికి మళ్ళీ ఉత్తరం వచ్చింది. పై ఆదివారం అని. ఆమె రెండోసారి మూట కట్టింది, విప్పింది. మూడోసారి నేను బడి నుంచి వచ్చేసరికి మూట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

“ఈ ఆదివారం అయ్యాక వెళ్దాం” అన్నాను.

“ఏ ఆదివారం?”

“ఈ వచ్చేది.”

“ఎనకటిది కూడా వొచ్చేదే గదా” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది, కాని నవ్వు కూడా ఉంది. నాకు నవ్వే గుర్తుండి, ఎత్తిపొడుపు మరిచిపోయాను. ఇప్పుడు రెండోదే గుర్తుంది.

దొరగారు రాకపోతే నాకేమిటి? ఆమెను దించి, నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేవాణ్ణి. బడి నాలుగు రోజులు మూస్తే మన్యం మునిగిపోదు. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదని చెప్పలేను. తట్టింది. కాని ఆ వారమే నేను ఆ మూడు పుటలనూ శుభ్రంగా తిరగరాశాను. ఆ ఆదివారమే ప్రార్థనలో ఆ సంగతే చెప్పాను. జీతానికి కాసేవాడు తోడేలు వస్తే పారిపోతాడు, కాపరి పారిపోడు అని. ఎన్ని వోనలుంటావని అడిగిన ముసలామె ఎప్పుడూ లేనిది ఆ రోజు వచ్చి వెనక కూర్చుంది. చివర్లో లేచి, “ఈ మేస్టరు ఉంటాడు” అంది. నాకు కళ్ళు చెమర్చాయి. నా భార్య కూడా అక్కడే ఉంది. గొంగళి కప్పుకుని గోడకు ఆనుకుని ఉంది. అప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నేను ముసలామెను చూస్తున్నాను.

ఆ మంగళవారం సాలూరు వైపు చింతపండు మోసుకుపోతున్న మనిషికి నా పుటలు ఇచ్చి, సభకు నేను రాలేనని, ఎవరైనా చదివి వినిపించమని రాసి పంపాను. ఆ మనిషి వెళ్ళేదారి ఆమె పుట్టింటి పక్క నుంచే. నడవలేకపోతే డోలీ కట్టడానికి ఊళ్ళో నలుగురు సిద్ధంగా ఉన్నారు. కాగితాలు దిగాయి. ఆమె దిగలేదు.

గురువారం వాన మొదలైంది. ఆ ఏడు తొలకరి లేదు. సన్నగా మొదలై ఆగడం, మళ్ళీ ఎండ కాయడం, అదేమీ లేదు. మొదటిరోజే గోడలు తడిశాయి. శనివారం ఆమెకు జ్వరం వచ్చింది. ఈసారి మధ్యలో విడవలేదు. మూత్రం కాఫీ కషాయంలా నల్లగా ఉంది. అలాంటిది వస్తే ఇక మందు లేదని నాకు తెలుసు. అయినా డోలీ కట్టించాను. మా కుటుంబాలవాళ్ళు ఇద్దరు, దేవతను కొలిచేవాళ్ళు ఇద్దరు భుజం పట్టారు. పశువుల ముసలాయన ముందు నడిచాడు. ఆయన ముందు నడవడం నేను చూసింది అదే మొదటిసారి.

గెడ్డ దగ్గర ఆగాం. నీళ్ళు ఎర్రగా, అవతలి ఒడ్డు చెట్ల మొదళ్ళదాకా ఉన్నాయి. ముసలాయన కర్ర గుచ్చి చూశాడు. కర్ర అడుగు తగల్లేదు. నలుగురూ నా మొహం చూశారు. నేను ముసలాయన మొహం చూశాను.

“నిన్నయితే దాటొచ్చును” అన్నాడు. దాన్లో నిష్ఠూరం లేదు. నేల సంగతి చెప్పాడు.

చెట్టు కింద దింపాం. అడ్డాకులు కుట్టిన గొడుగు ఆమె మీద పట్టారు. ఆమెకు తెలివి ఉంది.

“ఆగిపోయినాం ఏటి?”

“గెడ్డ వచ్చింది.”

“మా నాన్న దింపీసుంటాడు ఈపాటికి” అంది. గొర్రెల సంగతి. అవి క్షేమంగా దిగాయని ఆమెకు ఊరటగా ఉన్నట్టనిపించింది. తర్వాత ఒకసారి దాహమంది. చివరి మాట అని చెప్పుకోవడానికి నా దగ్గర అదే ఉంది, దాహం. వెనక్కి మోసుకొచ్చాం. మరుసటి రోజు పొద్దున్న ఇంట్లో పోయింది.

పెట్టె చేయించడానికి పలకలు లేవు. ఆ గొంగళిలోనే చుట్టాం. ప్రార్థన నేనే చదవాలి. చదివాను. తలుపు తెరిచి ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చారు. గుంటలో నీళ్ళు ఊరుతుంటే ముంతలతో తోడుతూ ఉన్నారు. దింపబోతుండగా పశువుల ముసలాయన ఆగమని చేయి ఎత్తాడు. నడుముకున్న కత్తి తీసి, గొంగళి అంచు, ఎర్రదారం కుట్టున్నచోట, అరచేతంత ముక్క కోశాడు. మా సంఘంలో ఒకతను ఇదేమిటి ఇక్కడ అని గొణిగాడు. ముసలాయన అతన్ని లెక్కచెయ్యలేదు. ఒక ఆకులో ఆ ముక్కను చుట్టి నా చేతిలో పెట్టాడు.

“ఆల నాన్న కాడికి ఒట్టి సేతుల్తో ఎల్లకు మేస్టరూ.”

గెడ్డ తగ్గడానికి నెల పైన పట్టింది. ఆ నెల నేను బడి నడిపాను. వేరే చేయగలిగింది లేదు. ఊళ్ళోవాళ్ళు నన్ను బాగా చూశారు. ఎవరో ఒకరు రోజూ చోడంబలి తెచ్చి గుమ్మంలో పెట్టేవాళ్ళు. నేను ఉన్నాను కనుక. ఆ ముసలామె అన్నట్టు, ఉన్నాను.

కిందికి దిగి మొదట మిషన్‌కు వెళ్ళాను. దొరగారు నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నారు. గెడ్డ ఈదగలవాళ్ళ ద్వారా ఆయనకు వార్త అప్పటికే చేరింది. కన్నీళ్ళు పెట్టుకున్నారు, అవి నిజమైన కన్నీళ్ళే. తర్వాత నా పుటలు సభలో చదివారనీ, అందరికీ చాలా నచ్చాయనీ, మా మిషన్ మాసపత్రికలో వేస్తున్నామనీ చెప్పారు. విడిచి వెళ్ళనివాడు అన్న వాక్యం దగ్గర ఒక పంతులు ఏడ్చాడట. ఆ వాక్యాన్ని మీరు మీ జీవితంతో రాశారు అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. ఆ వాక్యం తప్పు అని చెప్పవలసింది. కాపరి పనిలో సగం విడిచి వెళ్ళడమే, సమయానికి విడిచి వెళ్ళడం, వెంటబెట్టుకుని వెళ్ళడం. అది ఏ నిఘంటువులోనూ లేదు కాబట్టి నేను వదిలేశానని చెప్పవలసింది. చెప్పలేదు. ఆ పుటలు అచ్చయ్యాయి. ఇప్పటికీ ఎక్కడో ఒక చోట చదువుతుంటారు. కొన్నేళ్ళకు నన్ను కూడా సంఘ కాపరిని చేశారు. ఎక్కడికి వెళ్ళినా ఆ పేరుతోనే పిలుస్తారు, పలుకుతాను.

మామగారి మంద అప్పుడు ఊరికి తూర్పున మెరక మీద ఉంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. నేల పొడిగా, రాళ్ళతో ఉంది. గొర్రెలన్నీ నిలబడే ఉన్నాయి. ఆయన నన్ను దూరం నుంచే చూశాడు. లేచి ఎదురు రాలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. వార్త వాళ్ళకూ తెలుసు. అత్తగారు ఇంటి దగ్గర ఉంది, ఆమె దగ్గరికి ఇంకా వెళ్ళలేదు.

ఆకు ఎప్పుడో ఎండి పొడి అయింది. కాగితంలో చుట్టి తెచ్చాను. విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆ కట్టుబాటు కొండమీదిది, ఆయనకు తెలిసి ఉండదు. ఆయన ఆ ముక్కను తిప్పి కుట్టు చూశాడు. వంకర కుట్టు మీద బొటనవేలు ఆనించి ఒక్కొక్క పోగూ తడిమాడు. వాసన చూశాడు. పంచె అంచున మూటగట్టుకున్నాడు.

“మాదే” అన్నాడు.

ఇద్దరం గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాం. అవి ఆ రాళ్ళ మధ్య మేస్తూ కొద్దికొద్దిగా కదులుతున్నాయి. ఆయన నా వైపు తిరగకుండానే అడిగాడు.

“ఎప్పుడు దించుదామనుకున్నావు బాబూ?”

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఒక రోజు తేడానా, రెండు రోజులా, ఎక్కడ ఆలస్యమైంది అని పనివాణ్ణి పనివాడు అడిగినట్టు అడిగాడు.

“ఆదివారం అయ్యాక” అన్నాను.

ఆయన తల ఊపాడు. ఏ ఆదివారమని అడగలేదు.